రేపటి టెన్షన్ పక్కనబెట్టి ఈరోజు దేవుడితో బతకడం ఎలా

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకుంటాం కదండీ, ఇంటికొచ్చి దాన్ని బీరువా తలుపుకి అంటించేసి ఈ ఏడు ఇల్లు పూర్తవుద్దా, అమ్మాయికి సంబంధం కుదురుద్దా, అబ్బాయికి వీసా వచ్చుద్దా అని అన్నీ ఆ ఒక్క వాక్యంలోనే వెతుక్కుంటాం. నేనేం తప్పుబట్టట్లేదు, మా బీరువాకీ ఉంది ఒకటి. కాకపోతే ప్రభువు శిష్యులకి నేర్పిన ప్రార్థనలో ఏడాదికి సరిపడా అడగమని లేదు, "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని ఉంది, ఒక్క రోజుకి అన్నమాట. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు కాబట్టి నోరు దాని పని అది చేసుకుంటూ పోతది, మనసేమో వచ్చే నెల ఈఎంఐ దగ్గర తిరుగుతా ఉంటది. ఈరోజులో ఉండడం ఎలా అలవాటు చేసుకోవాలో, నాకూ మా బుధవారం కూడికకి వచ్చే వాళ్ళకీ పనికొచ్చినవి రాస్తున్నా, మీకు కుదిరినవి తీసుకోండి.

ముందు ఒకటి క్లియర్ చేసుకుందాం. ఫోన్లలో మెడిటేషన్ యాప్‌లు ఉన్నాయి, ఊపిరి మీద ధ్యాస పెట్టు, ఆలోచనలు వదిలెయ్ అని చెప్తాయి. ఊపిరి నెమ్మదిగా తీసుకోడం వల్ల నష్టమేమీ లేదు, గుండె దడ తగ్గుద్ది, చేసుకోండి. కానీ విశ్వాసులం మనం చేసేది మనసు ఖాళీ చేసుకోడం దగ్గర ఆగదు, ఈ గంటలో నా పక్కన ఒకాయన ఉన్నాడు, ఆయన నాతో మాట్లాడాలన్నా నన్ను వాడుకోవాలన్నా ఈ గంటలోనే కుదురుద్ది, నిన్నట్లో కుదరదు, రేపట్లో నేనింకా లేను. అందుకే కీర్తనల్లోనూ హెబ్రీ పత్రికలోనూ "నేడు మీరు ఆయన శబ్దమును వినినయెడల" అనే మాట మళ్ళీ మళ్ళీ వస్తది.

దీనికి దేవుడు ఇశ్రాయేలీయులకి నలభై ఏళ్ళు ప్రాక్టికల్స్ పెట్టాడు. నిర్గమకాండం 16 ఒకసారి తీరిగ్గా చదవండి. ఎడారిలో పొద్దున్నే మన్నా అనే ఆహారం పైనుంచి పడుద్ది, ఎవరి ఇంటికి ఎంత కావాలో అంత ఏరుకోవాలి, తెల్లారేదాకా మిగల్చొద్దు అని చెప్తే కొంతమంది దాచారు, పొద్దునకి పురుగులు పట్టి కంపు కొట్టింది. అయితే అదే అధ్యాయంలో ఆరో రోజు రెండు రోజులకి సరిపడా ఏరుకోమన్నాడు, అది దాచినా పురుగు పట్టలా. అంటే దాచడం మీద దేవుడికి కోపం లేదు, ఆయన దాచమన్నప్పుడు దాచితే నిలబడింది, రేపు ఇస్తాడో లేదో అని అనుమానంతో దాచిందే కుళ్ళింది. ఈ తేడా మనసులో పెట్టుకోండి, కిందకి పోయేకొద్దీ దీంతోనే పని.

ఇక పొద్దున సంగతి. లేవగానే ఫోన్ ముట్టుకోకుండా ఉండడం కష్టమే, నాకు తెలుసు, ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు, స్కూల్ గ్రూపులో హోంవర్కులు, న్యూస్ అన్నీ అందులోనే. కానీ ముందు పరలోక ప్రార్థన ఒక్కసారి నెమ్మదిగా చెప్పుకుని "అనుదినాహారము" దగ్గర ఆగండి. ఆగి, ఈరోజుకి నాకు ఏమేం కావాలో పేరు పెట్టి అడగండి. జర్మనీలో సంఘ సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ 1529లో పిల్లలకీ ఇళ్ళల్లో వాళ్ళకీ అని రాసిన చిన్న కేటికిజంలో, అంటే విశ్వాసం గురించి ప్రశ్నలూ జవాబులూ ఉన్న పుస్తకంలో, ఈ అనుదినాహారానికి పెద్ద లిస్టే ఇచ్చాడు, తిండి, నీళ్ళు, బట్టలు, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, డబ్బు, మంచి భార్యాభర్త, మంచి పిల్లలు, మంచి ప్రభుత్వం, మంచి వాతావరణం, ఆరోగ్యం, నమ్మకమైన స్నేహితులు, చివరికి మంచి ఇరుగుపొరుగు కూడా. మా గుంటూరుకి హయ్యర్ దొరగారు 1842లో వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టారు కాబట్టి ఇక్కడ కన్ఫర్మేషన్ క్లాసులో కూర్చున్న వాళ్ళలో చాలామంది ఇది చదివే ఉంటారు, పరీక్ష కోసం చదివి మర్చిపోయుంటారు. అందులో చెప్పులు ఉండడం నాకు భలే ఇష్టం. మీ లిస్టు కూడా అలానే ఉండాలి, "ఆశీర్వదించు తండ్రీ" అని గంపగుత్తగా కాకుండా, పదకొండింటికి మేనేజర్‌తో మీటింగ్‌లో నోరు జారకుండా, మధ్యాహ్నం దాకా మోటారు కాలిపోకుండా, అత్తయ్యకి షుగర్ టాబ్లెట్ టైముకి ఇవ్వడం గుర్తుండేలా. ఈరోజుకి సంబంధించినవే. వచ్చే నెలవి నోటికొస్తాయి, రానీండి, వాటి సంగతి ఇప్పుడు చెప్తా.

చింతలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఫోన్‌లో వద్దు, ఫోన్‌లో రాయబోతే ఇంకేదో ఓపెన్ అవుద్ది. ఒక్కోదాన్ని పట్టుకుని ఒకే ప్రశ్న అడగండి, దీని గురించి ఈరోజు నా చేతుల్లో ఏదైనా పని ఉందా? ఉంటే ఆ పని రాసి టైము పెట్టుకోండి. లేకపోతే దాని పక్కన "ప్రభువు చూసుకుంటాడు" అని రాసి, ఆ కాగితం బైబిల్లో పెట్టేసి లేవండి. "మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" అని పేతురు రాసింది చేతల్లో పెట్టడం అంటే నాకు తెలిసి ఇదే. మళ్ళీ మధ్యాహ్నం అదే చింత వచ్చుద్ది, తప్పకుండా వచ్చుద్ది, అప్పుడు మళ్ళీ కొత్తగా బాధపడక్కర్లా, రాసేశాం కదా, కాగితంలో ఉంది అని గుర్తు చేసుకుని చేతిలో పనికి రండి.

మిర్చి యార్డుకి సరుకు తోలే మా బంధువు ఒకాయన ఉన్నాడు. రేటు పడిపోయినప్పుడు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. ఇది చూసి సంఘంలో ఒకాయన, రేపటిని గూర్చి చింతింపకుడి అని ఉంది కదా బ్రదర్, మీరు స్టోరేజీలో పెట్టారేంటి, విశ్వాసం లేదా అన్నాడంట. ఇలాంటి మాటలకి నాకు ఒళ్ళు మండుద్ది. యోసేపు ఐగుప్తులో ఏడేళ్ళు పంటలో అయిదో వంతు కొట్లలో పోయించాడు, దేవుడే ఫరోకి కలలో చూపించి మరీ చేయించాడు, అది అవిశ్వాసమా? కోల్డ్ స్టోరేజీలో పెట్టడం ప్లానింగ్, చక్కగా చెయ్యొచ్చు. పెట్టాక రాత్రి రెండింటికి లేచి యార్డు రేట్ల మెసేజ్‌లు చూసుకోడం, తెల్లారి భార్య మీద అరవడం, ఇదీ చింత. ఆ టైములో యార్డు మూసే ఉంటది, లేచి చూసినా క్వింటాలుకి రూపాయి పెరగదు. ప్రభువు అడిగింది కూడా అదేగా, "మీలో నెవడు చింతించుటవలన తన యెత్తు మూరెడెక్కువ చేసికొనగలడు?" అని. కాబట్టి ఇన్సూరెన్స్ కట్టండి, పిల్లల ఫీజుకి చీటీ వేసుకోండి, యాకోబు పత్రికలో చెప్పినట్టు "ప్రభువు చిత్తమైతే" అనే మాట నోట్లో పెట్టుకుని ప్లాన్ వేసుకోండి, వేశాక రిజల్ట్ ఆయనకి వదిలేసి అన్నం తినండి. చీటీ డబ్బులు కట్టకుండా దేవుడు చూసుకుంటాడు అనడం మాత్రం ఈరోజులో బతకడం కాదు, కట్టాల్సిన తారీఖు ఈరోజే అయితే అదే ఈరోజు పని.

తర్వాత పని. చాలామంది ప్రార్థన గదిలో దేవుడుంటాడు, పనిలో ఉండడు అన్నట్టు బతుకుతాం. మా కూడికకి వచ్చే ఒక అక్క సీజన్లో మిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోద్ది. ఒకసారి వాళ్ళు పనిచేసే చోటికి వెళ్ళా, షెడ్డు బయట నుంచే దగ్గు మొదలైంది నాకు. ఆవిడ ముక్కుకి చీర కొంగు చుట్టుకుని, కాళ్ళ దగ్గర గోనెపట్టా పరుచుకుని కూర్చుంది, ఎడం చేత్తో గుప్పెడు కాయలు ఎత్తుకోడం, కుడి చేతి బొటనవేలితో తొడిమ టక్కున విరవడం, కాయ ఒకవైపు తొడిమ ఒకవైపు, తాలుకాయ కనబడితే ఇంకోవైపు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వేళ్ళు మంట. అక్కా ఈ ఘాటులో ప్రార్థన ఎట్టా చేస్తావు అంటే, పెద్ద ప్రార్థన ఏముంది అమ్మా, ఒక్కో గుప్పెడికీ ఒక్కో మనిషిని తలుచుకుంటా అంది. ఒక గుప్పెడు కొడుకు, ఒక గుప్పెడు కోడలు, ఒక గుప్పెడు మేస్త్రీ, మధ్యలో పక్కావిడతో కబుర్లు కూడా నడుస్తానే ఉంటాయి. కూలి డబ్బులు చాలట్లేదని తిట్టుకుంటది కూడా, ఆవిడేమీ గాల్లో తేలట్లేదు.

దీన్నే మీ పనికి మార్చుకోండి. చపాతీ ఒక్కోటి కాల్చేటప్పుడు తినబోయే మనిషి కోసం ఒక్క మాట. ఆఫీసులో ఒక ఫైలు మూసి ఇంకోటి తెరిచే మధ్యలో "ప్రభువా, ఇదీ నీ కోసమే" అని ఒక్క మాట. 1691లో చనిపోయిన బ్రదర్ లారెన్స్ అని పారిస్‌లో ఒక మఠంలో వంటపని చేసిన కార్మెలైట్ సహోదరుడు, గిన్నెల చప్పుడులో కూడా దేవుడితో ఉండడమే జీవితమంతా చేసుకొచ్చాడు. లూకా సువార్తలో, ఇంటికొచ్చిన యేసు ప్రభువుకి మర్యాదలు చేస్తున్న మార్త కూడా వంటింట్లోనే ఉంది, కానీ ప్రభువు ఆమెని వంట చేస్తున్నావని అనలేదు, "అనేకమైన పనులనుగూర్చి విచారము కలిగి తొందరపడుచున్నావు" అన్నాడు. చేతిలో ఒక్క గరిటె ఉంటే మనసులో పది గరిటెలు తిప్పడం మన ఆడవాళ్ళకి బాగా అలవాటు, మగవాళ్ళకి లేదని కాదు, వాళ్ళకి గరిటె బదులు ఫోన్.

ఇక ఆగిపోయిన టైము, దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తా. గుంటూరు నుంచి బెజవాడ రోజూ ట్రైన్‌లో పోయేవాళ్ళకి తెలుసు, మంగళగిరి దాటి అంతా బానే ఉంది అనుకునేలోపు కృష్ణా కెనాల్ దగ్గరో బెజవాడ అవుటర్‌లోనో బండి ఆగుద్ది, ఎందుకాగిందో ఎవరూ చెప్పరు. లేదా ఆటోలో బెంజి సర్కిల్ దగ్గర ఇరుక్కుంటారు. లేదా ఆసుపత్రిలో ఓపీ చీటీ పట్టుకుని మీ నంబరు ఎప్పుడో తెలియక కూర్చుంటారు. అప్పుడు చదవాల్సింది మార్కు 5. యాయీరు కూతురికి పన్నెండేళ్ళు, చావుబతుకుల్లో ఉంది, యేసు ప్రభువు బయల్దేరాడు, దారి నిండా జనం. ఆ తొక్కిసలాటలో పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో ఉన్న ఒకావిడ వెనక నుంచి వచ్చి వస్త్రం ముట్టుకుంది. ప్రభువు ఆగిపోయాడు. ఎవరు ముట్టుకున్నారు అని చుట్టూ చూస్తున్నాడు, శిష్యులు ఇంతమంది నెట్టుకుంటుంటే అదేం ప్రశ్న అంటున్నారు, ఆవిడ వణుక్కుంటా వచ్చి జరిగిందంతా చెప్తోంది. ఇప్పుడు యాయీరు వైపు నుంచి చూడండి. తన కూతురు పోతోంది, పక్కన ఎవరో ఆవిడ సాక్ష్యం చెప్తా ఉంది, డాక్టరు లాంటాయన ఆగి వింటున్నాడు. ఏ తండ్రైనా లోపల ఎంత ఉడికిపోవాలి. పైగా ఆ మాటలు పూర్తయ్యేలోపే ఇంటి నుంచి వచ్చి నీ కూతురు చనిపోయింది అని చెప్పారు. అప్పుడు ప్రభువు అన్నది "భయపడకుము, నమ్మిక మాత్రముంచుము".

నేను దీంట్లో నేర్చుకుంది ఏంటంటే ఆగిన చోటే ఇంకొకరి పని జరుగుతుండొచ్చు, నా పని దేవుడి దగ్గర లేటయినట్టు కాదు. కాబట్టి బండి ఆగినప్పుడు ముందు ఫోన్ బ్యాగులో పెట్టి చుట్టూ చూడండి. ఎదురు సీట్లో ముసలాయన మందుల కవరు పట్టుకుని ఉంటాడు, పరీక్షకి పోయే పిల్ల పేజీలు తిప్పుకుంటా ఉంటది. మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, లేకపోతే వాళ్ళ కోసం మనసులో ప్రార్థించండి. కరపత్రం చేతిలో పెట్టమని చెప్పట్లేదు నేను, బాబోయ్, ముందు మనిషిని చూడండి. ఆఫీసుకి లేటవుతోందంటే ఒక మెసేజ్ పెట్టేయండి, అది మీ చేతిలో పని, ఆ తర్వాత సిగ్నల్ మీ చేతిలో లేదు.

నిన్నటి సంగతి పెద్దగా రాయను. పాపం ఒప్పుకుంటే క్షమించేశాడు, మనం ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అదే పాపాన్ని మళ్ళీ తవ్వి తీస్తుంటే ఆయన క్షమాపణని నమ్మనట్టే. అయితే మీరు ఎవరినైనా బాధపెట్టి ఉంటే మాత్రం నిన్నటి విషయం అని వదిలేయకండి, సారీ చెప్పడం ఈరోజు పని. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అని పౌలు పెట్టిన డెడ్‌లైన్ కూడా ఈరోజుదే. ఆడపడుచుకి ఫోన్ చేయడం ఏ ధ్యానం కన్నా కష్టం, నిజమే.

భయం నిజమైనదైతే ఏం చేయాలి అని అడుగుతారు. 2024 సెప్టెంబర్ మొదట్లో బెజవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళన్నీ మునిగినప్పుడు మాకు తెలిసిన ఒక కుటుంబం మేడ మీద ఉండిపోయింది, భోజనం పొట్లాలు, నీళ్ళ ప్యాకెట్లు వస్తేనే తిండి. అనుదినాహారం అంటే ఏంటో అప్పుడు తెలిసింది వదినా అని ఆవిడ అంటది. కానీ ఇప్పటికీ గట్టి వాన పడితే ఆవిడకి నిద్ర పట్టదు. ఇలాంటి వాళ్ళకి "చింతపడకండి సిస్టర్" అని వాక్యం విసిరేసి పోవద్దు, పాపం తగులుద్ది. ఆవిడ ఏం చేసిందంటే పిల్లల సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు, ఇంటి కాగితాలు అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి పై అటక మీద పెట్టింది, పవర్ బ్యాంకు కొనుక్కుంది, మందులు వారానికి సరిపడా పక్కన పెట్టుకుంది. వాన వచ్చినప్పుడు భర్తతో కలిసి ఒక కీర్తన పాడి, వాళ్ళ వీధిలో ఒంటరిగా ఉండే ముసలావిడకి ఫోన్ చేసి ఎలా ఉన్నావు పిన్నీ అని అడుగుద్ది. భయం పోలేదు, ఉంది, భయంతో పాటే చేయాల్సింది చేస్తోంది. పౌలు కూడా "దేనినిగూర్చియు చింతపడకుడి" అని రాసినప్పుడు బంధకాల్లో ఉన్నాడు, ఏసీ రూములో లేడు.

ఇవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర లేకపోయినా, గుండె దడదడలాడి ఊపిరి ఆడనట్టు అవుతున్నా, బతకాలని అనిపించకపోయినా డాక్టరుకి చూపించుకోండి, ప్రార్థనతో పాటు. విశ్వాసం తక్కువై వచ్చిందని ఎవరన్నా అంటే వినకండి. గుంటూరుకి మిషనరీలు వాక్యంతో పాటు వైద్యం కూడా తెచ్చారు, అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో వచ్చి ఇక్కడే జీవితమంతా పనిచేసింది, ఆవిడ పేరుతో ఆసుపత్రి ఇప్పటికీ తెలిసిందే. బయటికి వెళ్ళాలంటే మొహమాటంగా ఉంటే టెలీ మానస్ అని ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ ఉంది, 14416, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకొక్క సైడు మాట. రేపు లోకం అంతమైపోద్దని తెలిసినా ఈరోజు ఆపిల్ మొక్క నాటుతా అని లూథర్ గారు అన్నట్టు ఒక ఫొటో వాట్సాప్‌లో తిరుగుతా ఉంటది. బాగుంటది కానీ ఆయన రాతల్లో అది ఎక్కడా లేదు, 1940లలో గానీ ఆ మాట కనబడదు. ఆయన నిజంగా రాసింది అంతకన్నా సాదాగా ఉంటది, పొద్దున ప్రార్థన అయ్యాక ఒక కీర్తన పాడుకుంటా సంతోషంగా నీ పనికి పో, రాత్రి ప్రార్థన అయ్యాక వెంటనే హాయిగా పడుకో అని.

ఆ రాత్రి ప్రార్థనకి ఒక పద్ధతి కావాలంటే మన బెజవాడలో ఆంధ్రా లయోలా కాలేజీకి ఎవరి పేరు పెట్టారో ఆ ఇగ్నేషియస్ లయోలా నేర్పింది ఉంది, క్యాథలిక్ ఫ్రెండ్స్ దగ్గర నేర్చుకున్నా. మేము లూథరన్లం అయినా మంచిది ఎక్కడున్నా తీసుకోవచ్చు. ముందు ఈరోజుకి థాంక్స్ చెప్పడం, తర్వాత పరిశుద్ధాత్మా నాకు చూపించు అని అడగడం, పొద్దున లేచిన దగ్గర నుంచి ఒక్కో గంటా వెనక్కి చూసుకుంటా రావడం, తప్పు చేసిన చోట క్షమాపణ అడగడం, రేపటికి ఆయన సాయం అడగడం. రేపు చివర్లో ఒక్క మాటగా వస్తది చూడండి, మిగతాదంతా ఈరోజే. పిల్లలున్న ఇంట్లో అయితే కుటుంబ ప్రార్థనలో తలా ఒకటి చెప్పించండి, ఈరోజు దేవుడు నీకేం ఇచ్చాడు అని. మొదట్లో చిన్నోడు రోజూ "ఐస్‌క్రీం" అనే అంటాడు, అననీండి, అది కూడా అనుదినాహారమే. పొద్దున రాసిన కాగితం అప్పుడు తీసి చూడండి, అయిపోయినవి కొట్టేయండి, మిగిలినవి అలానే మడిచిపెట్టండి, రాత్రిపూట కొత్తవి మాత్రం చేర్చొద్దు.

ఇదంతా పదిహేను నిమిషాలు కూడా పట్టదు. పడుకునే ముందు ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టేసి రండి, పడక గదిలోకి వద్దు. అలారం కోసం పక్కనే ఉండాలి అంటారు అందరూ, నేనూ వాదించి వాదించి అలిసిపోయా. బీసెంట్ రోడ్డులోనో మన గుంటూరులో ఏ గడియారాల కొట్లోనో సెల్లు వేసే చిన్న టేబుల్ అలారం దొరుకుద్ది, అదొకటి కొనుక్కోండి.